ఫ్యూయల్ ఫిల్టర్, బొగ్గుల ఇస్త్రీపెట్టె

తిరుమలగిరిలో మా ఇంటి ముందు నాన్న పాత పెట్రోల్ కారుకి ఫ్యూయల్ ఫిల్టర్ మార్చబోయా. క్లిప్ లాగగానే పెట్రోల్ చిమ్మి చొక్కా తడిసింది. పది అడుగుల అవతల ఇస్త్రీ బండి, పెట్టెలో ఎర్రటి బొగ్గులు! ఇస్త్రీ అన్న ఒక్క మాట అనకుండా బండి దూరంగా తోసుకుపోయాడు.

ఇంజిన్ ఆపేశాం కదా అనుకున్నా. కానీ ఇంజెక్షన్ కారు పైపులో సుమారు 3 బార్ల ప్రెషర్ ఆపాక కూడా నిలిచే ఉంటుంది. పైగా పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతూ నిప్పును వెతుక్కుంటుంది. అందుకే సెల్లార్‌లో ఈ పని వద్దే వద్దు.

రెండోసారి ఇస్త్రీ బండి రాని రోజు చూసుకున్నా. ట్యాంకు మూత ఒకసారి తీసి పెట్టి, పంపు ఫ్యూజు పీకి, ఇంజిన్ స్టార్ట్ చేసి దానంతటదే ఆగిపోనిచ్చా. బ్యాటరీ నెగటివ్ తీసి, సైలెన్సర్ చల్లారాక, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు వేసి కిందికి దూరా. కళ్లకి గాగుల్స్, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. గుడ్డ చుట్టి క్లిప్ వదిలిస్తే నాలుగు చుక్కలే కారాయి.

కొత్త ఫిల్టర్ మీది బాణం ఇంజిన్ వైపు ఉండాలి. ఫ్యూజు, బ్యాటరీ బిగించి, స్టార్ట్ చేయకుండా కీ నాలుగుసార్లు ఆన్ చేసి జాయింట్లు తడిమి చూశా. పొడిగా ఉన్నాయి. మీ కారులో ఫిల్టర్ ట్యాంకు లోపల ఉంటే మాత్రం షెడ్డుకే తీసుకెళ్లండి బాబూ!