పూర్ణం పిండివంటలను రాత్రంతా సురక్షితంగా నిల్వ చేయడం

ఉగాదికి బొబ్బట్లు, శ్రావణమాసపు నోములకు పూర్ణం బూరెలు, సంక్రాంతికి కజ్జికాయలు తెలుగువారి ఇళ్లలో చేసుకునే పిండివంటలు. మిగిలినవాటిని మూతపెట్టి మరునాటికి ఉంచుకోవడం పరిపాటి. ఈ మూడింటిలోనూ లోపల తీపి పదార్థమే ఉన్నప్పటికీ వాటి నిల్వగుణం ఒకటి కాదు. పుట్నాలపప్పు, ఎండుకొబ్బరి, చక్కెర పొడితో నింపి నూనెలో వేయించిన కజ్జికాయలు చాలా రోజులు నిలుస్తాయి. ఉడికించిన శనగపప్పు, బెల్లంతో చేసిన బొబ్బట్లు, బూరెలు వేసవిలో ఒక్క రాత్రికే పాడయ్యే అవకాశముంది.

కారణాలు

ఈ తేడాకు మూలం తేమ. నీటి క్రియాశీలత 0.85 కంటే తక్కువగా ఉన్న పదార్థాలలో వ్యాధికారక బ్యాక్టీరియా వృద్ధి చెందదు. బెల్లం కొంత నీటిని బంధించినప్పటికీ, సరిగా దగ్గరపడని పూర్ణంలోను, మెత్తని పైపొరలోను సూక్ష్మజీవులకు చాలినంత తేమ మిగిలి ఉంటుంది.

బాసిల్లస్ సీరియస్ సిద్ధబీజాలు పప్పు ఉడికే వేడికి కూడా నశించవు. పూర్ణం ముద్ద నెమ్మదిగా చల్లారేటప్పుడు అవి మొలకెత్తి వృద్ధి చెందుతాయి. స్టాఫైలోకాకస్ ఆరియస్ చేతుల నుండి, ముఖ్యంగా పుండ్లు, గాయాలున్న చేతుల నుండి ఆహారంలోకి చేరుతుంది. ఇవి విడుదల చేసే, వాంతులు కలిగించే విషపదార్థాలు వేడిని తట్టుకోగలవు. అందువలన పాడైన బొబ్బట్టును పెనంపై మరల కాల్చినంత మాత్రాన అది సురక్షితం కాదు. వాసన, రుచి మారకపోయినా ప్రమాదం ఉండవచ్చు.

పాటించవలసిన పద్ధతులు

1. బ్యాక్టీరియా 5 నుండి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేగంగా పెరుగుతుంది. కావున వండిన పదార్థాన్ని గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచరాదు. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటిన రోజులలో ఈ గడువు 1 గంట మాత్రమే.

2. వేడి బొబ్బట్లను దొంతరగా పేర్చి మూత పెట్టరాదు. ఆవిరి నీరుగా మారి పైపొరను తడుపుతుంది. మధ్యలోనివి త్వరగా చల్లారవు. వెడల్పు పళ్లెంలో విడివిడిగా ఆరబెట్టి, చల్లారిన వెంటనే మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, 5 డిగ్రీలు లేదా అంతకు తక్కువ ఉష్ణోగ్రత గల ఫ్రిజ్‌లో ఉంచాలి.

3. ముందురోజు చేసిన పూర్ణాన్ని పెద్ద ముద్దగా కాక, లోతు తక్కువైన పళ్లెంలో పలుచగా పరచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి.

4. ఫ్రిజ్‌లో ఉంచినవాటిని 3 రోజులలోగా వాడాలి. తినవలసినంత మాత్రమే బయటకు తీసి, లోపలి భాగం 74 డిగ్రీలకు చేరేటట్లు వేడి చేయాలి.

5. ఫ్రిజ్ లేని ఇళ్లలో పూర్ణాన్ని రాత్రి చేసి ఉంచక తెల్లవారి వండుకోవాలి. ఆ పూటకు సరిపడా చేసి, మిగిలితే వెంటనే పంచిపెట్టాలి. నిల్వకు, ప్రయాణాలకు పొడి పూర్ణపు కజ్జికాయలు అనువైనవి.

విస్తరణ కార్యకర్తలకు సూచన

పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇళ్లలో ఈ జాగ్రత్తలు మరింత అవసరం. మిగిలిన పిండివంటను “వాసన వచ్చిందా?” అని పరీక్షించడం గృహిణులకు అలవాటు. “ఎంతసేపు బయట ఉంది?” అన్న ప్రశ్నను దానికి ముందు నిలపడమే శిక్షణ తరగతులలో బోధించవలసిన ముఖ్యాంశం.