జాతీయ సమైక్యత – షోయబుల్లాఖాన్

దేశ సార్వభౌమత్వమునకు వెలుపలి జోక్యము కంటె లోపలి చీలికయే ఎక్కువ ముప్పు. 1948లో సిడ్నీ కాటన్ అను విదేశీయుడు కరాచీ నుండి హైదరాబాదు సంస్థానమునకు విమానములలో ఆయుధములు చేరవేసెను. ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకారులు మతము పేరిట ప్రజలను విడదీసిరి.

అట్టి సమయమున, మానుకోట ప్రాంతమున జన్మించిన షోయబుల్లాఖాన్, సంస్థానము భారతదేశములో విలీనము కావలెనని తన ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’లో నిర్భయముగా వ్రాసెను. ఆ సంవత్సరము ఆగస్టులో హంతకులు ఆయన చేతిని నరికి చంపిరి. నెల తిరుగక మునుపే, సెప్టెంబరు 17న, నిజాం ప్రభుత్వము లొంగిపోయినది.

విద్యార్థులారా! పరులను విమర్శించుట సులభము. తనవారి తప్పును తన భాషలోనే ఎత్తిచూపుట కష్టము. ఆ కష్టమైన కర్తవ్యమే సమైక్యతకు పునాది.