ఆరోగ్య బీమా

ఆకస్మికముగా వచ్చు జబ్బు దేహమునే గాక యింటిని గూడ క్షీణింపఁజేయును. ఆసుపత్రి ఖర్చునకై పొలము కుదువఁబెట్టిన కుటుంబములను మన పల్లెలలో నెల్లరు నెఱుఁగుదురు. ఒక్కరు మోయలేని యీ భారమును పలువురు పంచుకొను నేర్పాటే ఆరోగ్య బీమా.

100 కుటుంబములు ఏఁటికి 1,000 రూపాయల చొప్పునఁ గూర్చినచో 1,00,000 రూపాయలగును. ఆ యేఁట రెండిండ్లవారికి 50,000 చొప్పున వైద్యపు ఖర్చు వచ్చినచో నా నిధి తీర్చును. తక్కినవారి సొమ్ము వృథాపోలేదు. వారు పొందినది నిశ్చింత. ఇట్లు చెల్లించునది ప్రీమియము. ఏఁటికి లభింపఁగల గరిష్ఠ సహాయము బీమా మొత్తము. కంపెనీలు తమ నిర్వహణ వ్యయమును, లాభమును గూడ ప్రీమియములోఁ జేర్చును. వయస్సుతోఁ బాటు నదియుఁ బెరుగును.

మా కుకునూరుపల్లి రాజీవ్ రహదారిపై నున్నది. పెద్ద జబ్బు వచ్చిన సిద్దిపేటకో హైదరాబాదునకో పోవలెను. అట్టి వేళ పేదలకు ఆరోగ్యశ్రీ యాధారము. 2007 ఏప్రిల్ 1న నాఁటి ఆంధ్రప్రదేశమున మూఁడు జిల్లాలలో నిది మొదలయ్యెను. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి కుటుంబమునకు ఏఁటికి 10 లక్షల వఱకు వర్తించుచున్నది. లబ్ధిదారులు ప్రీమియము చెల్లింప నక్కఱలేదు. అయినను పథకములోఁ జేరిన ఆసుపత్రులలో, జాబితాలోని చికిత్సలకే యిది చెల్లును.

సొంతముగా పాలసీ కొనువారు మూఁడు సంగతులు చూడవలెను.

మొదటిది సహచెల్లింపు. అది నూటికి పది యైనచో, 1,00,000 రూపాయల బిల్లులో 10,000 మనమే యీయవలెను.

రెండవది గది యద్దె. 3 లక్షల పాలసీలో రోజునకు నూటికొకటి, అనఁగా 3,000 హద్దనుకొందము. 6,000 రూపాయల గదిలోఁ జేరినచో అద్దెలోనే గాక, వైద్యుని రుసుములోను, శస్త్రచికిత్స ఖర్చులోను సగము కోఁతపడవచ్చును. చౌక పాలసీ ఖరీదగుట యిచ్చటనే.

మూఁడవది నిరీక్షణ కాలము. ముందే యున్న జబ్బులకు 36 నెలల వఱకు సహాయము దొరకకపోవచ్చును. మధుమేహమువంటి దానిని దాఁచి పాలసీ కొనినచో, అక్కఱ వేళ కంపెనీ నిరాకరింపవచ్చును.

2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై నూటికి 18 చొప్పున నుండిన పన్ను తొలఁగింపఁబడినది.

విద్యార్థులారా! మీ యింట పాలసీ పత్రమున్నచో తలిదండ్రులకుఁ జదివి వినిపింపుఁడు. పాలసీ అందిన 30 దినములలోఁ దిరిగి యిచ్చివేయుటకు వీలు గలదు. ఆసుపత్రి వాకిట తెలిసికొనుటకంటె, ఇంటి యరుఁగుపై నెమ్మదిగాఁ దెలిసికొనుట మేలని మా విన్నపము.