వేటకుక్క నేర్చిన విద్య



వాసన పట్టి జాడ తీయడంలో బ్లడ్‌హౌండ్ జాతి కుక్క పెట్టింది పేరు. మనిషి నడిచిన దారిలో అతని చర్మం నుంచి రాలే సూక్ష్మమైన పొరల వాసన మిగిలిపోతుంది. ఆ వాసనను ఈ కుక్క గంటల తరువాత కూడా పసిగట్టగలదు. ఆ ముక్కును ప్రసాదించినవాడు అల్లాహ్. అయితే ముక్కు ఒక్కటే చాలదు, తర్ఫీదు కూడా కావాలి.

దివ్య ఖుర్ఆన్‌లో మాయిదా సూరా 4వ ఆయత్ ఈ తర్ఫీదునే ప్రస్తావిస్తుంది. వేట జంతువులకు మనం నేర్పే విద్య కూడా అల్లాహ్ మనకు నేర్పినదేనని గుర్తుచేస్తుంది. అవి మన కోసం పట్టి ఉంచిన దానిని అల్లాహ్ పేరు ఉచ్చరించి తినడానికి అనుమతిస్తుంది.

హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) ఈ విషయమై అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన సమాధానాలు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నాయి. వాటి సారాంశాన్ని ఇక్కడ మేము వివరిస్తున్నాము:

1. కుక్క తర్ఫీదు పొందినదై ఉండాలి.
2. బిస్మిల్లాహ్ పలికి దానిని వదలాలి.
3. పట్టిన జంతువును అది తినకూడదు. తింటే తన కోసం పట్టినట్లే.
4. వేరే కుక్క కలిసి, ఏది చంపిందో తెలియకపోతే తినకూడదు. మనం అల్లాహ్ పేరు పలికింది మన కుక్కపైనే కదా!
5. జంతువు ప్రాణంతో దొరికితే జిబహ్ చేయాలి.

తర్ఫీదు పూర్తయిందని ఎలా తెలుస్తుంది? వరుసగా మూడుసార్లు వేటను తినకుండా ఉంచితే చాలునని ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) చెప్పారు. తర్ఫీదు లేని కుక్క పట్టింది మాత్రం ప్రాణంతో దొరికి, జిబహ్ చేస్తేనే హలాల్.

అయితే ఈ అనుమతిని సాకుగా తీసుకొని అడవికి బయలుదేరరాదు. మన దేశంలో వన్యప్రాణుల వేటను 1972 నాటి చట్టం నిషేధిస్తోంది. అలాగే సరదా కోసం ఇంట్లో కుక్కను పెంచితే పుణ్యం తరుగుతుందని హదీసు హెచ్చరిస్తోంది. వేట, పశువులు, పొలం కాపలా అవసరాలకు మాత్రం మినహాయింపు ఉంది. పోలీసు జాగిలాలను కూడా నేటి ఉలమాలు అనేకులు అవసరం కిందే పరిగణిస్తారు.

మరొక్క మాట. పోలీసు జాగిలం ఒకరి గుమ్మం ముందు ఆగితే చాలు, అతన్ని దొంగ అనేస్తాము. జాగిలం చూపిన జాడకు సాక్ష్యంగా పెద్ద విలువ ఇవ్వలేమని 1969లో మన సుప్రీం కోర్టు కూడా స్పష్టం చేసింది. రుజువు లేకుండా తోటి మనిషిపై నింద మోపడం ఘోర పాపం.

సోదరులారా! విద్య వల్ల ఒక కుక్క పట్టినది కూడా హలాల్ అయింది. ఆకలిగా ఉన్నా అది యజమాని కోసం నోరు కట్టుకుంటుంది. మరి మన యజమాని ఆజ్ఞ ముందు మనం మన కోరికలను ఎంతవరకు ఆపుకుంటున్నాము? అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన ఇల్మ్‌ను, దానిపై ఆచరణను ప్రసాదించుగాక! ఆమీన్.