దొనకొండలో దిగుదాం: ఇంటి ఫ్లైట్ సిమ్యులేటర్‌కి యాడ్‌ఆన్ చేయడం ఎలా?

మార్కాపురంలో రాత్రిపూట మిద్దె మీద పడుకుంటే విమానాల దీపాలు పోతూ కనిపిస్తాయి. అన్నీ పోయేవే, దిగేది ఒక్కటీ ఉండదు. అలాగని దిగడానికి చోటే లేదని కాదు. మార్కాపురానికి ఈశాన్యంగా, నేరుగా కొలిస్తే సుమారు 25 కి.మీ. దూరంలో దొనకొండ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్‌వాళ్లు అక్కడ ఎయిర్‌స్ట్రిప్ వేశారు. 2014లో కొత్త రాజధాని ఎక్కడ అన్న చర్చలో దొనకొండ పేరు గట్టిగానే వినిపించింది. రాజధానీ రాలేదు, విమానాలూ రాలేదు.

ఆ ముచ్చట మన ఇంటి కంప్యూటర్లో తీర్చుకోవచ్చు. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ప్రపంచమంతా ఉంటుంది గానీ, చిన్న ఊళ్లు మాత్రం ఉపగ్రహానికి కనిపించినంతే ఉంటాయి. ఆ లోటు పూడ్చడానికి బయటివాళ్లు తయారుచేసి జతచేసేదే యాడ్‌ఆన్. అది కొత్త విమానం కావచ్చు, వాతావరణం చూపే చిన్న ప్రోగ్రాం కావచ్చు, ఒక ఊరి సీనరీ కావచ్చు. మొదటిసారి చేసేవాళ్లకు సీనరీయే మేలు. అందులో కోడ్ తక్కువ, ఊరి సంగతి ఎక్కువ. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం నెలా రెండు నెలల పని. కంభం చెరువు ఏ ఏడు ఎక్కడిదాకా నిండుతుందో తెలియాలంటే మాత్రం ఇక్కడ పుట్టి పెరగాలి. ఆ చదువు మీకు ముందే అయిపోయింది.

1. సిమ్యులేటర్ ఎంచుకోండి

ప్రధానంగా మూడున్నాయి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ (2020 ఆగస్టులో ఒకటి, 2024 నవంబర్‌లో మరొకటి వచ్చాయి) చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. కానీ నేల బొమ్మలు చాలావరకు ఇంటర్నెట్ నుంచి అప్పటికప్పుడు దించుకుంటుంది, కాబట్టి నెట్ నెమ్మదిగా ఉన్నచోట విసుగు పుడుతుంది. ఎక్స్-ప్లేన్ 12 నేలను ముందే డిస్క్ మీద పెట్టుకుంటుంది. ఫ్లైట్‌గేర్ పూర్తిగా ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది.

ఈ వ్యాసం ఎక్స్-ప్లేన్‌ని పట్టుకుని నడుస్తుంది. సిమ్యులేటర్ కొనుక్కోవాలి గానీ, పనిముట్లన్నీ ఉచితమే: ఎయిర్‌పోర్ట్ గీయడానికి వరల్డ్ ఎడిటర్, త్రీడీ వస్తువులకు బ్లెండర్, బొమ్మలు సరిచేయడానికి గింప్.

2. హద్దు గీసుకోండి

ఈ ప్రాంతం అంతా ఒకేసారి చేద్దామని దిగితే ఏదీ పూర్తికాదు. మొదటి వెర్షన్‌కి మూడే పెట్టుకోండి: దొనకొండ రన్‌వే, కంభం చెరువు, మార్కాపురం పలకల గనులు.

హద్దు విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఎక్స్-ప్లేన్ భూమిని డిగ్రీకి ఒక గడి చొప్పున కోసి, ఒక్కో గడికి దాని నైరుతి మూల పేరు పెడుతుంది. దొనకొండ, మార్కాపురం, కంభం మూడూ +15+079 గడిలో పడతాయి. గిద్దలూరు మాత్రం 79 డిగ్రీల రేఖాంశానికి పడమట ఉంది కాబట్టి +15+078లోకి పోతుంది. కంభం దాటి గిద్దలూరు చేరేలోపు గడి మారుతుందన్నమాట. నల్లమల అడవిని గీసేటప్పుడు ఒకే పెద్ద ఆకారంగా గీయకుండా, ఈ రేఖకు అటొకటి ఇటొకటిగా గీయండి. తరువాత చాలా తలనొప్పి తప్పుతుంది.

3. కంప్యూటర్ మూసి, ఊరు తిరగండి

నోటుబుక్కు, ఫోన్ చాలు. రన్‌వే ఉపరితలం ఇప్పుడెలా ఉంది? గడ్డి ఎక్కడ మొలిచింది? దారి ఎటునుంచి వస్తుంది? రైల్వే లైను ఎంత దూరం? రోడ్డు మీద నుంచి కనిపించేది రాసుకోండి, ఫోటోలు తీసుకోండి. ఆ స్థలం ప్రభుత్వానిది, అనుమతి లేకుండా లోపలికి పోవద్దు. డ్రోన్ ఎగరేయాలనుకుంటే 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఏ జోన్‌లో ఉన్నారో ముందే చూసుకోండి. నల్లమల పులుల అభయారణ్యం, అక్కడ అటవీశాఖ అనుమతి లేనిదే ఏదీ ఎగరేయకూడదు.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. మీరు చేసేది నేటి దొనకొండా, 1940ల దొనకొండా? నేటిదైతే ఉన్నది ఉన్నట్టు చూపండి. అప్పటిదైతే పాత ఫోటోనో మ్యాపో చేతిలో ఉండాలి. ఆధారం లేకుండా హ్యాంగర్లు, కంట్రోల్ టవర్ కట్టేస్తే అది సీనరీ కాదు, కట్టుకథ.

4. రన్‌వే గీయండి

వరల్డ్ ఎడిటర్ తెరిచి ఎక్స్-ప్లేన్ ఫోల్డర్ ఎక్కడుందో చూపించండి. కొత్త సీనరీ ప్యాకేజీ మొదలుపెట్టి, ఎయిర్‌పోర్ట్ మెనూలో కొత్త ఎయిర్‌పోర్ట్ సృష్టించండి. వ్యూ మెనూలో ఉపగ్రహ చిత్రాన్ని తెరవండి. ఎడిటర్ తనంతట తాను ఇచ్చే చిత్రాన్నే వాడండి. వేరే మ్యాప్ సైట్ల నుంచి స్క్రీన్‌షాట్ తీసి దానిమీద గీస్తే లైసెన్సు చిక్కులొస్తాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడుకోవచ్చు, వాళ్ల పేరు చెప్పాలి.

రన్‌వే పనిముట్టు తీసుకుని ఒక కొస మీద క్లిక్ చేయండి, తరువాత రెండో కొస మీద. వెడల్పు, ఉపరితలం నింపండి. దశాంశాల దగ్గర జాగ్రత్త. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కి.మీ. అంటే 0.0001 డిగ్రీ తేడా వస్తే రన్‌వే 11 మీటర్లు పక్కకు జరుగుతుంది. ఆరు దశాంశాల వరకూ ఉంచుకుంటే ఆ తేడా జానెడు లోపుకే తగ్గుతుంది.

రన్‌వే నంబరు ఎవరో కేటాయించేది కాదు, దిక్కుని బట్టి వస్తుంది. దిక్సూచి చూపే ఉత్తరం నుంచి కుడివైపుగా డిగ్రీలు లెక్కపెట్టి, పదితో భాగించి, దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించాలి. 90 డిగ్రీలైతే 09, ఎదురు కొసకు 27. నేల మీద తెల్ల గీతలు లేకపోతే మీరు కూడా వేయకండి.

చివరగా ఫైల్ మెనూలో వాలిడేట్ నొక్కండి. తప్పులన్నీ జాబితాగా వస్తాయి. అవి సరిచేశాకే ఎక్స్‌పోర్ట్.

5. చెరువు, కట్ట

కంభం చెరువు పైనుంచి చూస్తే ఈ ప్రాంతానికి గుర్తు. విజయనగర రాజుల కాలంలో, వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఈ చెరువు గుండ్లకమ్మ నీళ్లను రెండు కొండల నడుమ ఆపుతుంది. పొడవు సుమారు 7 కి.మీ., వెడల్పు 3.5 కి.మీ. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది.

సిమ్యులేటర్‌లో చెరువుంటుంది, కట్ట కనిపించదు. ఎందుకంటే సిమ్యులేటర్లలో కొండల ఎత్తులకు ఎక్కువగా ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన లెక్కలు. అందులో మేలైన రకంలో కూడా కొలతకీ కొలతకీ మధ్య సుమారు 30 మీటర్ల ఎడం ఉంటుంది. కట్ట ఎత్తు పాత గెజిటీర్ లెక్కలో 57 అడుగులు, అంటే 17 మీటర్లు. అంత సన్నటి కట్ట ఆ జల్లెడలో జారిపోతుంది. నేలను ఉబ్బించే ప్రయత్నం చేయకుండా, కట్టను బ్లెండర్‌లో విడి వస్తువుగా చేసి రెండు కొండల మధ్య కూర్చోబెట్టండి. వాలు, రాతి పేర్పు కనిపిస్తే చాలు.

నీళ్ల సంగతి మరొకటి. సిమ్యులేటర్ చెరువు ఎప్పుడూ నిండుకుండే. మన కరువు సంగతి దానికేం తెలుసు? అందుకని రెండు ప్యాకేజీలు చేయొచ్చు: నిండిన కంభం ఒకటి, వేసవిలో పగిలిన మట్టి, నడుమ కాస్త మడుగుతో ఉన్న కంభం ఒకటి. వాడేవారు ఏది కావాలంటే అది పెట్టుకుంటారు. ఈ ఆలోచన సిమ్యులేటర్ కంపెనీకి ఎన్నటికీ రాదు.

6. పలకల గుట్టలు

మార్కాపురం పలక దేశమంతా తెలిసిందే. పైనుంచి చూస్తే మాత్రం ముందు కనబడేది గుంటలు, వాటి పక్కన బూడిదరంగు పలక ముక్కల గుట్టలు. వాటికి ఒకే మోడల్ చేసి, తిప్పి, సైజు మార్చి చాలాచోట్ల పెట్టండి.

ఫోటో మబ్బు పట్టిన పూట తీయండి. మిట్టమధ్యాహ్నం తీస్తే నీడలు బొమ్మలోనే ఉండిపోతాయి, సిమ్యులేటర్‌లో సూర్యుడు ఎటున్నా అవి కదలవు. బొమ్మ కొలతలు 1024, 2048 లాంటి సంఖ్యల్లో ఉండాలి. 2048×2048 బొమ్మ విప్పితే 16 ఎంబీ మెమరీ తింటుంది. డీడీఎస్ రకంలో బిగించి కుదిస్తే 2 ఎంబీకి దిగుతుంది. ఊళ్లో పిల్లల దగ్గరుండే మామూలు ల్యాప్‌టాప్‌లో ఇది ఆడాలంటే ఈ తేడాయే ముఖ్యం. చెన్నకేశవస్వామి గుడి గోపురం పెట్టాలనుకుంటే ప్రతి శిల్పాన్నీ చెక్కకండి. మూడు వేల అడుగుల పైనుంచి చూసేవారికి ఆకారం, రంగు అందితే చాలు.

7. ఎగిరి చూడండి

సెస్నా 172 తీసుకుని దొనకొండలో లేవండి. గుంటూరు-గుంతకల్లు రైల్వే లైను పట్టుకుని నైరుతికి పొండి: గజ్జలకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు. నేరుగా సుమారు 80 కి.మీ., అరగంట లోపే. చూసుకోవాల్సినవి: రన్‌వే గాలిలో తేలుతోందా, నేలలో కూరుకుపోయిందా? గుట్టలు రోడ్డు మీద పడ్డాయా? గడి మారేచోట అడవిలో చీలిక కనిపిస్తోందా? తెర కుదుపులు ఎక్కడ మొదలయ్యాయి?

కంభానికి వాయవ్యంగా నల్లమల శిఖరాలు 900 మీటర్లు దాటతాయి, కాబట్టి అటు మళ్లితే ముందే 4,500 అడుగులకు ఎక్కండి. వానాకాలం మబ్బులు పెట్టి కూడా ఎగిరి చూడండి. అలాంటి వాతావరణంలోనే 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ ఈ నల్లమలలోనే, పావురాలగుట్ట దగ్గర కూలింది. ఆయనతో సహా ఐదుగురు పోయారు. ఆ చోటుని మాత్రం ఆటవస్తువు చేయకండి.

8. విడుదల చేయండి

ప్యాకేజీలో నాలుగుండాలి: సీనరీ ఫోల్డర్, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ సూచనలు, వెర్షన్ నంబరు, ఏది ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పే లైసెన్సు కాగితం. నిజమైన విమాన ప్రయాణానికి వాడకూడదని ఒక వాక్యం తప్పక రాయండి. ఇన్‌స్టాల్ చేయడమే కాదు, ఎలా తీసేయాలో కూడా చెప్పండి.

ఒక్క రన్‌వేని వేరుగా ఎక్స్-ప్లేన్ సీనరీ గేట్‌వేకి పంపండి. ఎక్స్-ప్లేన్ వాళ్లు ఒప్పుకుంటే తరువాతి అప్‌డేట్‌లో దొనకొండ ప్రపంచంలో అందరికీ చేరుతుంది. అక్కడ సిమ్యులేటర్ సొంత లైబ్రరీ వస్తువులే చెల్లుతాయి. మీ కట్ట, మీ గుట్టలు విడి ప్యాకేజీలోనే ఉండాలి.

9. అసలు పని: సపోర్ట్

విడుదల చేసిన రెండో రోజు ఇలాంటి మెసేజ్ వస్తుంది: "అన్నా, దొనకొండ చుట్టూ సముద్రమే ఉంది!"

నవ్వకండి. గుక్కెడు మంచినీళ్ల కోసం ట్యాంకర్ దగ్గర నిలబడే ప్రాంతానికి సముద్రం రావడానికి కారణం ఉంది. ఎక్స్-ప్లేన్‌లో ఏయే ప్రాంతాల నేల కావాలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. ఎంచుకోని చోటంతా నీళ్లే. మనకు కావాల్సింది +10+070 అనే పది డిగ్రీల పెద్ద గడి. ఒంగోలు 80 డిగ్రీలకు కాస్త తూర్పున ఉంది కాబట్టి పక్క పెద్ద గడిలో పడుతుంది. విజయవాడ కూడా అందులోదే, అక్కడ లేచి దొనకొండ రావాలంటే రెండు గడులూ ఉండాలి. ఈ జవాబు ఒక్కసారి రాసి సూచనల ఫైల్లో మొదట్లోనే పెట్టండి, సగం మెసేజ్‌లు ఆగిపోతాయి.

మిగతా సగానికి మూడు ప్రశ్నలు చాలు. సిమ్యులేటర్ వెర్షన్ ఎంత? ఇంకేం యాడ్‌ఆన్‌లు ఉన్నాయి? లాగ్ ఫైలు పంపుతారా? ఎక్స్-ప్లేన్ నడిచిన ప్రతిసారీ ఏం తెరిచిందో, ఎక్కడ తడబడిందో ఆ ఫైల్లో రాసుకుంటుంది. మీ బొమ్మ ఒకటి దొరకలేదని అందులో ఉంటే తప్పు మీది. సీనరీల వరుస పట్టికలో ఎయిర్‌పోర్ట్ పైన, నేల మెష్ అడుగున ఉండాలి. అది తారుమారైతే సర్దుబాటు వాడేవారి వైపు.

పాత వెర్షన్‌ని ఎప్పుడూ చెరపకండి. ఏం మార్చారో తేదీతో రాయండి. సిమ్యులేటర్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఒకసారి ఎగిరి చూడండి. జవాబులకు వారంలో ఒక పూట కేటాయించి, ఆ మాట ముందే చెప్పండి. డబ్బు తీసుకున్నాక జవాబు ఆలస్యమైతే మాట పడాలి, కాబట్టి మొదటి ప్యాకేజీ ఉచితంగానే ఇవ్వండి.

అమెరికాలో ఉన్న గిద్దలూరు కుర్రాడు రాత్రి డ్యూటీ దిగొచ్చి మీ సీనరీలో సొంతూరి మీద ఎగురుతాడు. తర్లుపాడు నుంచి ఇంకొకరు "మా ఊరి చెరువు పెట్టలేదేంటన్నా?" అని నిలదీస్తారు. ఆ మెసేజ్ చూసి చిన్నబుచ్చుకోకండి. చెరువు ఎక్కడుందో, అలుగు ఏ పక్కనో, రెండు ఫోటోలతో సహా ఆయన్నే పంపమనండి. వెర్షన్ 1.1 పని అక్కడే మొదలవుతుంది.