ఐటీ సపోర్ట్ జాబ్‌కి సర్టిఫికెట్ కావాలా, అనుభవం కావాలా?

కాంప్‌టియా ఏ ప్లస్‌లో రెండు పరీక్షలూ పాసై హెల్ప్‌డెస్క్‌లో చేరాను. మొదటి వారమే అకౌంట్స్ పీసీకి నెట్ పోయింది. జీతాల ఫైల్ ఆరోజే బ్యాంకుకి వెళ్లాలి. ఐపీకాన్ఫిగ్ కొడితే 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది. అంటే డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ అందక విండోసే ఒకటి పెట్టేసుకుంది. ఇంతవరకు పుస్తకంలో ఉంది. లింక్ లైట్ వెలుగుతోంది కదా అని కేబుల్ వదిలేసి, డ్రైవర్లు తీసి వేస్తూ గంట పోగొట్టాను.

డిగ్రీ లేని మా సీనియర్ అన్న వచ్చి, "పక్క పీసీకి వస్తోందా?" అన్నాడు. వస్తోంది. వెంటనే కేబుల్ మార్చాడు, నెట్ వచ్చేసింది. పాతది కుర్చీ చక్రం కింద నలిగి ఉంది.

అలాగని సర్టిఫికెట్ దండగ అనను. నాకు ఇంటర్వ్యూ కాల్ వచ్చిందే దానివల్ల. ఆ అన్నని మాత్రం టీమ్ లీడ్ పోస్టుకి డిగ్రీ లేదని పక్కన పెట్టారు. ఇప్పుడు నా పాత నోట్స్‌తో ఆయనే ఏ ప్లస్‌కి ప్రిపేర్ అవుతున్నాడు.