మూడు వారాల విరామం తర్వాత మళ్లీ సైకిల్

ప్రశ్న: రోజూ నార్సింగి సోలార్ సైకిల్ ట్రాక్‌పై 30 కిలోమీటర్లు తొక్కేవాణ్ని. జ్వరంతో 3 వారాలు మానేశాను. ఇప్పుడు 10 కిలోమీటర్లకే ఆయాసం వస్తోంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా?

జవాబు: అక్కర్లేదండీ. వ్యాయామం ఆపిన 2 వారాల్లోపే రక్తంలోని ద్రవ భాగమైన ప్లాస్మా తగ్గుతుంది. దాంతో గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం తగ్గి, అదే వేగానికి ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. ఆయాసానికి ముఖ్య కారణం అదే. కండరాల బలం అంత త్వరగా పోదు. ప్లాస్మా కూడా తొక్కడం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే పెరుగుతుంది. మొదటి వారం సగం దూరం చాలు, అదీ మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగంతో, రోజు విడిచి రోజు. వేగం సంగతి తర్వాత. జ్వరం నుంచి లేచారు కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను: ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం ఉంటే సైకిల్ పక్కన పెట్టి ముందు డాక్టర్‌కు చూపించుకోండి.